ఎదురెదురు కుర్చీలు

"ఆ మైకు తీసెయ్యండి."

వైరు చుట్ట విప్పి, స్టాండు నిలబెట్టి "హలో, టెస్టింగ్" అన్నానో లేదో, వెనకనుంచి ఆర్డరు. తిరిగి చూస్తే చేతిలో నోట్‌బుక్కుతో ఒకమ్మాయి.

"ఎందుకండీ? బానే పనిచేస్తోందిగా?"

"అందుకే తీసెయ్యమంటున్నా. చేతికి మైకిస్తే మనిషి మాట్లాడడు, ఉపన్యాసం దంచుతాడు. ఇక్కడ అందరూ మాట్లాడుకోవాలి."

నాకు ఒళ్ళు మండింది. మైకుసెట్టే నా బతుకుతెరువు. "అంటే గొడవలన్నీ నా మైకు వల్లే అంటారా?"

"అలా అన్నానా? నేనేమన్నానో మీరే తిరిగి చెప్పండి."

"నా మైకు దండగన్నారు."

"కాదు. మళ్ళీ."

"నేనే దండగన్నారు."

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకోవడంలో చెంప మీద చిన్న సొట్ట పడింది. అది చూసి నా కోపం సగం దిగిపోయింది. దిగినందుకు నామీద నాకే ఇంకా కోపం వచ్చింది.

మూడోసారికి దారిలో పడ్డాను. "మైకుంటే జనం ఎదుటి మనిషితో కాకుండా హాలుతో మాట్లాడతారన్నారు."

"అవును, ఇదే. ఇప్పుడు మీరు జవాబు చెప్పొచ్చు."

నేను మైకు వైరు మళ్ళీ చుట్ట చుట్టేశాను.

అదీ అక్కడి రూలు. అంతకు రెండు నెలల ముందు మా మతంవాళ్ళకీ ఆ అమ్మాయి మతంవాళ్ళకీ గొడవై వీధిలో రాళ్ళు లేచాయి, షాపుల అద్దాలు పగిలాయి. అప్పుడు లైబ్రేరియన్ గారు ప్రతి శనివారం మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో రెండువైపులవాళ్ళనీ కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. మధ్యలో ఎదురెదురుగా రెండు కుర్చీలు. గొడవున్నవాళ్ళు వాటిలో కూర్చోవాలి. ఎదుటివాడన్నది ముందు నువ్వు తిరిగి చెప్పాలి. "అవును, ఇదే" అని అతను ఒప్పుకున్నాకే నీ జవాబు. కొట్టుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా నాలుగుసార్లు ఎదుటివాడి మాట తిరిగి చెప్పేసరికి చల్లబడిపోవడం నేను కళ్ళారా చూశాను. నోట్‌బుక్కు అమ్మాయి ఆయన కూతురు. మిగతా రోజుల్లో కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షలు చేస్తుంది.

మైకు లేకపోయినా నేను మాత్రం ప్రతి శనివారం హాజరు. నేనామెని రూలమ్మ అన్నాను. ఆమె నన్ను లౌడ్‌స్పీకరంది.

ఒక శనివారం వాన దంచికొట్టింది. అందరూ వెళ్ళిపోయారు. లైబ్రరీ మెట్ల మీద మేమిద్దరమే మిగిలాం.

"గొడుగు లేదా?" అంది.

"వ్యాన్‌లో ఉంది."

"తెచ్చుకోవచ్చుగా?"

"తెచ్చుకుంటే వెళ్ళిపోవాలిగా."

ఆమె వానకేసి చూస్తూ నిలబడింది. "అంటే, నేనంటే ఇష్టమంటున్నారు."

"అవును, ఇదే" అన్నాను. "మరి మీ జవాబు?"

"గొడుగు తేవద్దు."

ఏడాది గడిచింది. మొదట్లో మూతి ముడిచిన మా అమ్మ, రూలమ్మ కళ్ళజోడు మార్చాక సూదిలో దారం తనే ఎక్కించుకుంటూ మెత్తబడింది. ఇక రూలమ్మే పెళ్ళి మాట వాళ్ళ నాన్న చెవిన వేసింది. మర్నాడే ఆయన నన్ను పుస్తకాల బీరువాల మధ్యకి పిలిచారు.

"బాబూ, నువ్వు మంచివాడివే. కానీ ఈ పెళ్ళి జరగదు. వచ్చే శనివారం నుంచి నువ్వు మీటింగుకి రావద్దు."

"మనమంతా ఒకటేనని మొన్ననే కదండీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు?"

"అది వేరు, ఇది వేరు."

అరికాలి మంట నెత్తికెక్కింది. శాంతి మీటింగునుంచి నన్ను గెంటేశారు! రాళ్ళు విసిరినవాడికి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు. ప్రేమించినవాడికి తలుపు చూపించారు. ఇదెక్కడి న్యాయం?

"శనివారం వ్యాన్ తెచ్చి హాలు ముందు పెడతా" అన్నాను రూలమ్మతో. "నాలుగు స్పీకర్లూ ఆన్ చేసి మీ నాన్న బండారం వీధంతా వినిపిస్తా!"

"వినిపించు. వీధంతా వింటుంది. నాన్న వింటాడా? అదీ రాయి విసరడమే."

"అయితే పద, లేచిపోదాం."

"లేచిపోను. నిన్ను వదలను, నాన్ననీ వదలను. శనివారం వచ్చి నోరు మూసుకుని కూర్చో, చాలు."

"రావద్దన్నారుగా?"

"ఎవరూ ఎవర్నీ రావద్దనకూడదు. ఆ రూలు పెట్టిందీ ఆయనే."

శనివారం హాలు నిండింది. రూలమ్మ నోట్‌బుక్కు మూసేసి, తిన్నగా వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చుంది.

"నాన్నా, నాకు నీతో గొడవుంది. రా."

అంతమందిలో ఆయన రాననలేకపోయారు.

"నేను అతన్నే పెళ్ళి చేసుకుంటాను. నా ప్రార్థన నేను మానను, అతన్ని మానమనను. నువ్వు కాదంటే పారిపోను, ఇంకెవర్నీ చేసుకోనూ చేసుకోను. చెప్పు, నేనేమన్నాను?"

"పదిమందిలో నా పరువు తీస్తానన్నావు."

"కాదు. మళ్ళీ."

"మన మతం వద్దన్నావు."

"కాదు నాన్నా. మళ్ళీ."

ఆయన కుర్చీలోంచి సగం లేచారు. ఉన్నట్టుండి నాకేసి తిరిగారు. "నీకేం తెలుసయ్యా? మా చెల్లెలూ ఇలాగే వేరే మతంవాణ్ణి చేసుకుంది. ఆరు వీధుల అవతలే ఇల్లు. పదకొండేళ్ళుగా ఎవరూ దాని గడప తొక్కలేదు. ఆపరేషనై మంచాన పడుంటే ఎవరూ చూడ్డానికి పోలేదు. నా కూతురికీ ఆ గతే పట్టాలా?"

నోరు మూసుకోవడం ఇక నా వల్ల కాలేదు. "సార్, మీరన్నది నేను తిరిగి చెప్పొచ్చా?"

ఆయన తలూపారు. రూలమ్మ లేచి నాకు కుర్చీ ఇచ్చింది.

"నన్ను చేసుకుంటే మీ అమ్మాయిని అందరూ వెలేస్తారని మీ భయం."

"అవును."

"అయిపోలేదు సార్. మీకు నా మతమంటే భయం లేదు, నేనన్నా భయం లేదు. ఆ గడప తొక్కనివాళ్ళంటేనే భయం. వాళ్ళలో మీరూ ఉన్నారు. రేపు మీ అమ్మాయి గడప తొక్కనివాళ్ళలోనూ మొదటివారు మీరే అవుతారేమోనని భయం."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"అవును" అన్నారు. "ఇదే."

రూలు ప్రకారం ఇప్పుడాయన జవాబు చెప్పాలి. చెప్పలేదు. లేచి చెప్పులేసుకుని, "వ్యాన్ ఉందా?" అన్నారు.

ముగ్గురం వ్యానెక్కాం. ఆరు వీధులు దాటడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. తలుపు తీసినావిడ అన్నగారిని చూడగానే గడపకి అడ్డంగా నిలబడింది. ఆ తర్వాత అందుకుంది.

"దారి తప్పొచ్చావా? మా ఆయన ఊళ్ళో లేకపోతే కుట్లు విప్పించుకోడానికి ఒక్కదాన్నే బస్సెక్కి ఆస్పత్రికి పోయాను, తెలుసా? శనివారం శనివారం కూర్చోబెట్టి ఊరందర్నీ కలుపుతున్నావట! నేనీ ఊళ్ళో లేనా అన్నయ్యా?"

నా కోపమంతా ఆవిడ నోటే వినిపించింది. నాలుగు స్పీకర్లు పెట్టినా నేనంత బాగా అడగలేకపోయేవాణ్ణి.

"తప్పయింది" అన్నారాయన గొణుగుతూ.

"గట్టిగా చెప్పు."

"తప్పయిందే! నీ గడప తొక్కనిది నేనే. దీన్ని ఈ అబ్బాయికిచ్చి చేద్దామనుకుంటున్నాను. మేనత్తవి, ముందు నువ్వే దీవించాలి."

ఆవిడ చేత్తో కళ్ళు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా ఆ అబ్బాయివి? లోపలికి రా బాబూ. నువ్వూ రావే."

ఆయన కూడా అడుగు ముందుకేశారు.

"నువ్వాగు. నేను పిలిచేదాకా అక్కడే నిలబడు."

లైబ్రేరియన్ గారు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని గడప బయటే నిలబడ్డారు. లోపలికి వస్తూ రూలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న చూస్తున్నారు" అన్నాను.

"చూడనీ" అంది.