నిన్నటి తేదీ

యాదగిరిమీద వెలసిన యార్తరక్ష!
కంటికందని పాముల గర్వమణచి
మందుసీసాకు కాపువై మమ్ము నేలు
నిన్ను దలచెదఁ గథముందు నిలిచి కావు.

మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లపై బుచ్చయ్య అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూలిపోయాడు. కాలు జారిందని చుట్టుపక్కలవారు అనుకున్నారు. గుండెపోటని వైద్యులు రాశారు. మెడ వెనుక ఆవగింజంత ఎర్రని గాటు ఉన్నదని గమనించిన వ్యక్తి ఒక్కరే. ఆమె దానిని ఎక్కడా రాయలేదు. ఆమె పేరు ఫఖ్రున్నీసా. దేశ రహస్యాలకు కాపలా కాసే ఒక విభాగానికి ఆమె అధిపతి.

గంట తర్వాత అమీర్‌పేట సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ నలిగిపోయిన ఒక లేడీస్ హాస్టల్ గుమ్మం ముందు విభాగపు గూఢచారి హనుమాండ్లు నిలబడ్డాడు. విభాగం కార్యాలయానికి ఆ హాస్టలే ముసుగు. గుమ్మంలో బల్ల వేసుకున్న వార్డెన్ వజ్రమ్మ రిజిస్టరు నుంచి తల ఎత్తలేదు.

"రూం ఖాళీ ఉన్నదా?" అన్నాడు.

"ఆడోళ్లకే."

"మా చెల్లె కోసం."

"పేరు?"

"ముంగిస."

"గింత మీసమున్న చెల్లెను ఇప్పుడే చూస్తున్న. పో, మేడం మస్తు గరం మీదున్నది."

లోపలి గదిలో ఫఖ్రున్నీసా కుర్చీ చూపించింది.

"బైఠో, హనుమాండ్లు. సంజీవని సరఫరా సంస్థ పేరు విన్నవా?"

"పంజాగుట్టల ఉన్నది. సర్కారు దవాఖానాలకు మందులు పంపుతరు."

"ముప్పై మూడు జిల్లాలకు. ఏ మందు ఎక్కడికి ఎంత పోవాల్నో ఇన్నేండ్లు మనుషులు చూసుకున్నరు. శుక్రవారం నుంచి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటది. అది ఆలోచిస్తది. కింద ఈఆర్‌పీ ఉంటది, అది చేస్తది. ఆర్డర్ రాస్తది, డిపో తాళం తీస్తది, వ్యాన్ ఎల్లగొడ్తది. రెండింటి నడుమ ఇంటర్‌ఫేస్. తలకాయకు, చేతికి నడుమ నరం అనుకో. ఆ నరం అల్లినోళ్లల్ల మన మనిషి బుచ్చయ్య ఒకడు."

"ఆ నరంల ఎవరో విషం పెట్టిన్రు."

"నిన్న నాకు మెసేజ్ పెట్టిండు. 'కట్లపాము లోపలికొచ్చింది మేడం.' గంతే. తెల్లారి మెట్ల మీద పడిపోయిండు."

ఆ పేరు హనుమాండ్లుకు తెలుసు. ఒక విదేశీ ముఠాకు కట్లపాము అని పేరు పెట్టింది విభాగమే. కట్లపాము కాటు నొప్పి పుట్టించదు. నిద్రించే మనిషి నిద్రలోనే ఉంటాడు. ఊపిరి మాత్రం తెల్లవారేలోగా ఆగిపోతుంది. ఈ ముఠా పని కూడా అంతే. తుపాకి పేలదు, గోడ కూలదు. ఒక ఉదయం ఒక దేశం లేచి చూసేసరికి దాని గిడ్డంగులు ఖాళీగా ఉంటాయి.

"ఏ మందు మీద కన్నేసిన్రు?"

"ఇది నాట్ల కాలం కదా. పొలాలల్ల దేనికి భయపడ్తరు?"

"పాముకు."

"పాముకాటు మందు రాష్ట్రం మొత్తంల తొంభై వేల సీసాలున్నయి. అవి పోతే మళ్ల తయారయ్యేందుకు ఆరు నెలలు." ఆమె బల్లమీద ఒక గడియారం పెట్టింది. "సంజీవనిల నువ్వు సాఫ్ట్‌వేర్ పరీక్షించే టెస్టర్ సురేందర్‌వు. ఇంటర్‌ఫేస్ ఖాతాలోకి దొంగతనంగ ఎవరు జొరబడ్డా గిది మూడుసార్లు వణుకుతది. ఆడ వాల్డెన్ అని విదేశీ సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ ఉన్నడు. పాము తలకాయ వాడే. కాని సాక్ష్యం లేదు."

"ఆడున్న మన ఏజెంటు అర్జూ సంగతి?"

ఫఖ్రున్నీసా గడియారాన్ని అతని వైపు జరిపింది.

"మూడేండ్ల సంది మనకు ఖబర్ ఇస్తది. వాళ్లకు సుత ఇస్తది. నిజం ఎవరికి ఇస్తదో అల్లాకే ఎరుక."

*

శుక్రవారం ఉదయానికి పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఆకాశం సీసపు రేకులా వాలి ఉన్నది. సంజీవని ఆరో అంతస్తులో గోడకు ప్రాజెక్ట్ చార్టు వేలాడుతున్నది. దానిలో కొత్త వ్యవస్థ మొదలయ్యే వేళ, ఎర్రని అక్షరాల్లో: గో-లైవ్, శుక్రవారం, ఉదయం 10:30. పాత వ్యవస్థను పది గంటలకే మూసివేశారు. కొత్త వ్యవస్థ మేలుకొనే వరకు రాష్ట్రంలోని ఏ డిపో తాళమూ తెరుచుకోదు.

అద్దాల క్యాబిన్‌లో వాల్డెన్ కూర్చుని ఉన్నాడు. బూడిదరంగు సూటు, చేతిలో నల్లని పెన్ను. నవ్వు అతని పెదవుల దగ్గరే ఆగిపోతుంది, కళ్ల వరకు రాదు. అతని పక్కన ఇంటర్‌ఫేస్ పని నడిపించే ఇంటిగ్రేషన్ లీడ్ అర్జూ. నెమలికంఠపు రంగు చీర, ఆమె కదిలిన చోటల్లా అత్తరు పరిమళం. ఆ అంతస్తులోని ఇంజనీర్లందరూ ఆమెను చూడకుండా ఉండేందుకు కష్టపడుతూ, ఓడిపోతూ ఉన్నారు.

జనరల్ మేనేజర్ రాజనర్సయ్య ల్యాప్‌టాప్‌కు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ పక్కన నిలబెట్టాడు. పదిన్నర అయింది. ఎవరూ లేవలేదు. ఎవరూ గడియారం చూడలేదు. ఉప్మా తినేవారు తింటూనే ఉన్నారు.

పది నలభైకి హనుమాండ్లు మణికట్టు మీద గడియారం మూడుసార్లు వణికింది.

ఇంటర్‌ఫేస్ రెండవ కొస ఇంకా అసలు ఈఆర్‌పీకి కాక, పరీక్షల కోసం ఉంచిన నకలుకే కట్టి ఉన్నది. ఆ నకలు తెరమీద వరుసలు పుట్టుకొచ్చాయి. ఆదిలాబాద్ డిపో, పాముకాటు మందు, గడువు తేదీ: నిన్న. చర్య: ధ్వంసం. కరీంనగర్, గడువు తేదీ: నిన్న. చర్య: ధ్వంసం. ఖమ్మం. నల్లగొండ. ముప్పై మూడు జిల్లాలు, తొంభై వేల సీసాలు. ఇంకా రెండేళ్ల ఆయుష్షు ఉన్న మందుకు ఎవరో నిన్ననే మరణం రాశారు. మరుక్షణం ఎవరో చెరిపినట్టు ఆ వరుసలన్నీ మాయమయ్యాయి.

వాల్డెన్ క్యాబిన్ నుంచి బయటికి వచ్చాడు.

"చార్టులో పదిన్నర అని ఉంది," అన్నాడు. స్వరం చల్లగా ఉన్నది.

"ఉంటది సార్," అన్నాడు రాజనర్సయ్య. "శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. మన ముహూర్తం పన్నెండు ఆరుకు. గిది సుత ఒకరు చెప్పాల్నా?"

"ఎవరూ చార్టు మార్చలేదు."

"చార్టు హెడ్డాఫీసు కోసం సార్. ముహూర్తం మన కోసం."

చుట్టూ ఉన్నవారు నవ్వారు. వాల్డెన్ నవ్వలేదు. అతడు మెల్లగా తల తిప్పి అర్జూను చూశాడు. అర్జూ చీర కొంగు సవరించుకున్నది.

"సారీ," అన్నది ఇంగ్లీషులో. "చార్టులో ఉన్నదే మీకు చెప్పాను."

హనుమాండ్లు మెట్ల మీదికి వెళ్లి ఫోన్ చేశాడు. చూసినది చెప్పాడు.

"సమజైంది," అన్నది ఫఖ్రున్నీసా. "పొద్దున్నుంచి ప్రతి డిపో ముంగట ఒక చెత్త లారీ నిలబడి ఉన్నది. ఎందుకో తెలుస్తలేకుండె. ధ్వంసం ఆర్డర్ పడంగనే తాళాలు తెరుచుకుంటయి, సీసాలు లారీలకెక్కుతయి."

"గో-లైవ్ ఆపుదామా మేడం?"

"ఆపితే పాము పుట్టల దూరుతది. రేపు ఇన్సులిన్, ఎల్లుండి ఇంకోటి. పడగ ఎత్తినప్పుడే పట్టాలె. పన్నెండు దాకా టైమున్నది. సిస్టంల దానంతటది నడిచే పనులుంటయి కదా, జాబులు. విషం దేంట్ల దాచిండో దేవులాడు. నేను వస్తున్న."

కాని ఆ సమయం వారికి దక్కలేదు.

పదకొండు ఇరవైకి రాజనర్సయ్య ఫోన్ మోగింది. నాగర్‌కర్నూల్ డిపో స్టోర్‌కీపర్. గదిలోని వారందరికీ ఆ గొంతు వినిపించింది.

"సార్, మంగవ్వ అని నాటేసే ఆమె. ఒడ్డు మీద కట్లపాము కరిచింది. దవాఖానల మందు అయిపోయిందట, పది సీసాలు అడుగుతున్నరు. నా ముంగట రూం నిండ ఉన్నది సార్. తాళం తెరుచుకుంటలేదు. మీ సిస్టం ఎప్పుడు లేస్తది?"

"ఎంతసేపు ఆగొచ్చు?"

"డాక్టర్ అర్ధగంట అన్నడు. కండ్లు వాలిపోతున్నయట."

రాజనర్సయ్య జేబులోంచి పురోహితుడు రాసి ఇచ్చిన చీటీ తీశాడు. దానిని ఒకసారి చూసి, మడిచి, కళ్లకు అద్దుకొని బల్లమీద పెట్టాడు. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన రాహుకాలంలో ఒక సంతకం కూడా చేసి ఎరుగడు.

"ప్రాణం పోతుంటే పంచాంగం చూసుడు పాపం," అన్నాడు. "అసలు ఈఆర్‌పీకి కలపున్రి. ఇప్పుడే."

వాల్డెన్ క్యాబిన్‌లోకి దాదాపు పరుగెత్తాడు. హనుమాండ్లు మణికట్టు మూడుసార్లు వణికింది. ఈసారి విషపు జాబుకు వేళ లేదు. తొలి ఆర్డర్ ప్రవహించిన మరుక్షణమే మేలుకొనేలా వాల్డెన్ దానిని కట్టాడు. మంగవ్వకు మందు పంపితే తొంభై వేల సీసాలు పోతాయి. పంపకపోతే మంగవ్వ పోతుంది.

కొబ్బరికాయ పగిలింది. రాజనర్సయ్య మీట నొక్కాడు.

అత్యవసర ఆర్డర్ ముందుగా దూసుకుపోయింది: నాగర్‌కర్నూల్, పది సీసాలు. దాని వెనుకనే ముప్పై మూడు ధ్వంసం ఆదేశాలు వరుసకట్టాయి. డిపోలకు బయలుదేరే ముందు ఏ ఆదేశమైనా అరవై క్షణాలు వేచి ఉంటుంది. తెరమీద అంకెలు తగ్గసాగాయి. అరవై. యాభై తొమ్మిది.

హనుమాండ్లు జాబుల జాబితా తెరిచాడు. ఈ మధ్య చేరినవి తొమ్మిది. టెస్టర్‌గా వాటిలో ఒక్కదానినే అతడు రద్దు చేయగలడు. అది రద్దయితే దాని నుంచి పుట్టిన ఆదేశాలూ రద్దవుతాయి. రెండవదానికి పైవారి అనుమతి కావాలి, దానికి రెండు నిమిషాలు పడుతుంది. 'గడువు తేదీల సవరణ' అనే జాబు అతని కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది. వేలు దానిపైకి జరిగింది.

అత్తరు పరిమళం. అర్జూ అతని భుజం మీదుగా వంగి టీ కప్పు పెట్టింది.

"అది కాదు భాయ్," అన్నది పెదవులు కదలకుండా. "'నెలవారీ శుద్ధి'. అది."

ముప్పై ఒకటి. ముప్పై.

అతడు ఆమెను చూశాడు. ఆ కళ్లలో ఏమీ చదవలేకపోయాడు. ఈ మాటను వాల్డెనే పంపి ఉంటే? తప్పు జాబును రద్దు చేస్తే రెండవ అవకాశం లేదు.

ఇరవై రెండు.

అర్జూ మాసబ్ ట్యాంక్‌లో పుట్టి పెరిగిన పిల్ల. పదేళ్లుగా ఈ నగరపు ఆఫీసుల్లో పని చేస్తున్నది. నమాజు వేళ ఎంత తెలుసో, పక్క సీటువారి రాహుకాలమూ ఆమెకు అంతే తెలుసు. శుక్రవారం పదిన్నరకు హైదరాబాదులో ఏ మంచి పనీ మొదలు కాదని ఆ ఫ్లోర్ ఊడ్చేవారికి సైతం తెలిసినప్పుడు, ఏమీ తెలియనట్టు చార్టులో ఉన్నదే చెప్పానని అన్నదే, అది నటన. విషాన్ని ఖాళీ నకలు మీద కక్కించింది ఆమె. అతనికి దాని రూపం చూపించింది ఆమె. ఆ సాహసం చేసినది ఎవరి పక్షాన?

తొమ్మిది. ఎనిమిది.

హనుమాండ్లు 'నెలవారీ శుద్ధి'ని ఎంచుకున్నాడు. రద్దు చేయమన్నాడు. నిజంగానా అని తెర అడిగింది. నిజంగానే అన్నాడు. చక్రం తిరిగింది. మూడు. రెండు. ఒకటి దగ్గర అంకె ఆగింది. ముప్పై మూడు ఎర్రని వరుసలు ఒకదాని వెంట ఒకటి ఆరిపోయాయి. గడువు తేదీలు మళ్లీ రెండేళ్ల ముందుకు జరిగి నిలిచాయి.

అద్దం తలుపు తెరుచుకున్నది. వాల్డెన్ తొందర పడకుండా అర్జూ వెనుకకు నడిచి వచ్చాడు. నల్లని పెన్ను మూత తీసి ఉన్నది. దాని కొసన సూది మెరిసింది. అది ఆమె మెడకు జానెడు దూరంలో ఉండగా హనుమాండ్లు టీ కప్పు అతని ముఖాన విసిరాడు. మణికట్టు విరిచి పట్టి, ఆ సూదిని కొబ్బరి చిప్పలో దిగేలా గుచ్చాడు. వాల్డెన్ గింజుకొని లిఫ్టు వైపు పరుగెత్తాడు. తలుపులు తెరుచుకున్నాయి. లోపల నల్లని బురఖాలో ఫఖ్రున్నీసా, ఇరువైపులా ఆమె మనుషులు.

"రండి సార్," అన్నది మర్యాదగా. "గీ లిఫ్టు కిందికే పోతది."

తలుపులు మూసుకునే ముందు ఆమె అర్జూను చూసింది.

"ముందే చెప్పొచ్చు కదా బేటీ."

"ముందే చెప్తే మీరు నమ్మేటోళ్లా, ఆపా?"

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. విదేశీయునికీ టెస్టరుకూ ఇంటర్‌ఫేస్ విషయమై మాటామాటా పెరిగిందని అనుకున్నారు. అటువంటిది ప్రతి ప్రాజెక్టులో జరిగేదే. రాజనర్సయ్య మాత్రం ఫోన్ చెవికి ఆనించుకొని, కళ్లు మూసుకొని నిలబడి ఉన్నాడు. పన్నెండు గంటల పది నిమిషాలకు ఆ కళ్లు తెరుచుకున్నాయి.

"టైముకే సూది పడ్డది," అన్నాడు. ఫోన్ దించాడు. "మంగవ్వ మాట్లాడిందట. నాటు ఎంత దాకొచ్చింది, కూలి కోస్తరా అని అడిగిందట."

సాయంత్రం హనుమాండ్లు ముందుకు ఒక ఫారం వచ్చింది. టెస్టర్ సంతకం లేనిదే ప్రాజెక్టు ముగియదట. గో-లైవ్ సమయంలో గమనించిన లోపాలను వివరముగా పేర్కొనవలెను అని దానిలో ఉన్నది. అతడు చాలాసేపు ఆలోచించి, అందమైన అక్షరాలతో ఇలా రాశాడు: టీ కప్పు ఒకటి పగిలినది.

ఈ కథ విన్నవారి ఇంట మందు అవసరం పడకుండుగాక. పడితే అది వేళ తప్పక చేరుగాక. పొలం గట్టున నడిచే ప్రతి పాదానికీ, ఆ పాదం కోసం తాళం తెరిచే ప్రతి చేతికీ యాదగిరి నరసింహుడు తోడై ఉండుగాక. స్వస్తి.