తిప్పక్క పెట్టిన స్టీలు ప్లేటు

"ఎంతమంది ఉంటారండీ?" బుక్కరాయసముద్రంలో అద్దెకివ్వాల్సిన తన అమ్మ ఇంటి తాళం తీస్తూ అడిగాడు ఇమ్మానుయేల్.

"ఐదుమందిమి. నలుగురు అక్కలు, నేను," అంది సారా.

అక్కలు ఆటో దిగాక అతనికి సంగతి తెలిసింది. నలుగురూ పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల మందగించినవాళ్లు. ఏళ్లకేళ్లు పెద్ద హాస్టల్లో ఉండి, ఇప్పుడిప్పుడే అందరిలాగా ఒక వీధిలో, ఒక ఇంట్లో బతకడం మొదలుపెట్టారు. సారా పనిచేసే సంస్థకు అలాంటి ఇళ్లు రెండున్నాయి. వీళ్లు మొదటి ఇంట్లోనే అక్కడివాళ్లతో పాటు ఇరుక్కుని ఉంటున్నారు. నెలాఖరులోగా మూడో ఇల్లు దొరక్కపోతే మళ్లీ హాస్టలే గతి.

 అమ్మనడిగి చెప్తానన్నాడు ఇమ్మానుయేల్.

"లేదంటే లేదని చెప్పప్పా. పదకొండు ఇండ్లు చూసినాము. మాకేం కొత్త కాదు," అంది సారా.

ఇంటికెళ్లడానికి గుంతకల్లు రైలెక్కినా ఆ మాట అతన్ని వదల్లేదు. సారా కళ్లూ వదల్లేదనుకోండి. రైల్వేలో సిగ్నల్ పని చేసే మనిషి, ఆ నెలలో ఆరుసార్లు సారా వాళ్లుండే ఇంటికొచ్చి, అమ్మ ఇంకా ఏమీ తేల్చలేదని చెప్పిపోయాడు. వీధివాళ్లు ఏమంటారోనని అమ్మ భయం. ఆ ముక్క ఫోన్లో చెప్పొచ్చుగా అంది సారా. ఫోన్లో బొరుగుల ఉగ్గాని పెట్టవు కదా అన్నాడు.

ఆ ఇంట్లో వడ్డన నలుగురు అక్కల్లో ఒకరైన తిప్పక్కది. చుట్టాలకు విస్తరాకు, ఇంటివాళ్లకు స్టీలు ప్లేటు. ఆ పద్ధతి మార్చడం ఎవరి తరమూ కాదు. ఆరుసార్లూ ఇమ్మానుయేల్‌కి ఆకే.

నెలాఖరు ఆదివారం అతని తల్లి ఎలిజబెత్తే వచ్చింది, అందరినీ చూసి అవునో కాదో చెప్పేస్తానని.  తిప్పక్క ఎలిజబెత్ ముందు విస్తరాకు వేసింది. ఇమ్మానుయేల్ ముందు స్టీలు ప్లేటు పెట్టింది.

"అక్కా, ఆయనకూ ఆకే," అంది సారా, కంగారుగా.

"లేదు. ఈయప్ప మనోడు. రాకుంటే నువ్వు గేటుకాడే నిలబడుకోని చూస్తాంటావు."

సారా ముఖం ఎర్రబడింది. ఎలిజబెత్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నేనింకా వీడు ఇంటి కోసమే తిరగతాండాడు అనుకుంటి. ఈమె చెప్పింది నిజమేనా సారా?" అంది.

"నిజమే ఆంటీ. కానీ దానికీ ఇంటికీ ముడి పెట్టొద్దండి. మీరు ఇల్లియ్యకున్నా ఆయనంటే నాకిష్టమే. ఇల్లు మాత్రం ఈ అక్కల కోసం అడగతాండా."

 ఎవరైనా తీసేస్తారేమోనని ఇమ్మానుయేల్ ప్లేటు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ఎలిజబెత్ ఉగ్గాని రెండుసార్లు వేయించుకుని తింది. తర్వాత తిప్పక్కనే అడిగింది, "నాకెప్పుడు పెడతావమ్మా స్టీలు ప్లేటు?"

తిప్పక్క ఆలోచించింది. "తాళాలిచ్చినాక."

ఎలిజబెత్ పడీపడీ నవ్వి, బొడ్లో దోపుకున్న తాళాలగుత్తి తీసి ఆమె చేతిలో పెట్టింది. కొత్తింట్లో చేరిన తర్వాత ఆ వీధివాళ్లందరినీ ఒకపూట భోజనానికి పిలవమంది.

"పిలుస్తా. వాళ్లకు ఆకే," అంది తిప్పక్క. తాళాలు కొంగున ముడేసుకుని, స్టీలు ప్లేటు తేవడానికి లోపలికి వెళ్లింది.