భోజన్న ముక్కు

పాలు అడుగంటి మాడిపోయాయి. ఆ వాసన వరండా దాటి వీధిలోకి వెళ్లింది. ఎదురింటావిడ కిటికీలోంచే "ఏందక్కా, పొయ్యి మీద ఏమన్న మరిచినవా?" అని కేకేసింది. రాధాబాయి పరుగున వచ్చి గిన్నె దించేసరికి, వంటింటి గడప పక్కనే కుర్చీలో కూర్చున్న ఆమె భర్త భోజన్న హాయిగా పేపరు తిరగేస్తున్నాడు.

"బాపూ, పక్కనే కూసున్నవు. పాలు మాడుతుంటే నీకు వాసన రాలేదా?" కూతురు దీక్షిత తల తుడుచుకుంటూ వచ్చి అడిగింది.

"ఎందుకు రాదు బిడ్డా? మీ అమ్మ సూస్కుంటదనుకున్న."

"మీ బాపు పేపర్ల తలకాయ పెడితే ఇల్లు కాలినా లేవడు" అని రాధాబాయి ఆ మాటను అక్కడికక్కడే సర్దేసింది.

సర్దడం ఆమెకు అలవాటైపోయింది. భోజన్నకు ఏడాదిగా వాసన తెలియడం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసునని ఆయనకూ తెలుసు. అయినా ఇద్దరూ ఒక్కసారి కూడా దాని గురించి నోరు విప్పలేదు. నిజామాబాద్ గంజ్ మార్కెట్లో పసుపు వ్యాపారి భోజన్న అంటేనే ముక్కు మరి! పసుపు కొమ్ము విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడంటే అది ఏ ఊరి చేనుదో, ఉడికించాక ఎన్నాళ్లు ఎండిందో చెప్పేసేవాడు. మోర్తాడ్ రైతులు ఆయన చేతిలో కొమ్ము పెట్టి, పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లల్లా నిలబడేవారు. ఇప్పుడు కొమ్ము విరిగే చప్పుడును బట్టి నెట్టుకొస్తున్నాడు. ఆ ముక్కు పోయిందని నలుగురికీ తెలిస్తే మనిషి కుంగిపోతాడని రాధాబాయి భయం. అందుకే కంచం పెడుతూనే "పప్పుల మెంతికూర ఏసిన" అనేది. ఆయన వెంటనే "గుమగుమ అంటున్నది" అనేవాడు.

ఆ రోజు ఆదివారం. దీక్షిత బోధన్ రోడ్డులో ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. అక్కడ ఏ డ్రమ్ములో ఏముంది, అది మనిషిని ఏం చేస్తుంది, చేయకుండా ఏం చేయాలి అని రాయడమే ఆమె ఉద్యోగం. ఇప్పుడు భోజన్న దగ్గర పసుపు కొనే కొచ్చి వ్యాపారి, మీ గోదాములో పనివాళ్లకు ఉన్న ప్రమాదాలేమిటో రాసి పంపితేనే సరుకు తీసుకుంటానన్నాడు. ఇంట్లోనే మనిషి ఉండగా బయటివాళ్లెందుకని దీక్షిత సెలవు రోజున ఆ పని పెట్టుకుంది. అందరికీ సద్ది కట్టుకుని రాధాబాయి కూడా బయల్దేరింది.

గోదాము ముందు చంద్రవ్వ, మరో అయిదుగురు ఆడవాళ్లు చాటలు పట్టుకుని కూర్చున్నారు. లోపల పసుపు బస్తాల మీద పెద్ద టార్పాలిన్ కప్పి, అంచుల చుట్టూ ఇసుక సంచులు పెట్టి ఉంది. పురుగు పట్టకుండా మందు గోలీలు పెట్టి మూసిన తట్టు, అంటే బస్తాల దొంతర అది. ఇవాళ తెరవాలి. తెరిచాక ఆ ఆడవాళ్లు లోపల కూర్చుని కొమ్ములు ఏరాలి.

దీక్షిత అట్ట మీద కాగితం పెట్టుకుంది. "బాపూ, ఇక్కడ మనుషులకు హాని జేసేటియి ఏమేమున్నయి?"

"పసుపు. దేవునికి పెట్టేది. రాసుకో."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. దీక్షితకూ నవ్వొచ్చింది గానీ వదల్లేదు.

"పసుపు దుమ్ము రాసుకున్న. మరి గోలీలు?"

"గవి పురుగులకు బిడ్డా, మనుషులకు గాదు."

"గాలి తగిలితే గవే గ్యాసయితయి. పీలిస్తే మనిషి దక్కడు. ఎవరు పెడ్తరు?"

"నేనే అమ్మా" అన్నాడు హమాలీ ముత్తన్న. "మూతికి రుమాలు కట్టుకుంట."

"రుమాలు!" దీక్షిత తల పట్టుకుంది. "గీ పని లైసెన్సున్నోళ్లు జెయ్యాలె అన్నా. సరే, గ్యాసు పోయిందని ఎట్ల తెలుస్తది?"

భోజన్న ఛాతీ విరుచుకున్నాడు. "గది నా పని. ఎల్లిపాయ వాసనొస్తే ఉన్నట్టు. రాకుంటే పోయినట్టు."

"వాసన రాకున్నా గ్యాసు ఉండొచ్చు బాపూ. గందుకే మీటరు తెచ్చిన. మా ఫ్యాక్టరీల అడిగి తీస్కొచ్చిన."

సెల్‌ఫోనంత ఉన్న ఆ మీటరును చూసి భోజన్నకు ఎక్కడో కాలింది. "నువ్వు పుట్టకముందు సంది తెరుస్తున్న. నాకంటె గా డబ్బాకెక్కువ తెలుసా?" అంటూ విసవిసా లోపలికి వెళ్లి, ఒక ఇసుక సంచి పక్కకు లాగి, టార్పాలిన్ అంచు ఎత్తి గట్టిగా పీల్చాడు.

"పోయింది. రా చంద్రవ్వా!"

చంద్రవ్వ లేచింది. వాకిట్లో నిలబడ్డ రాధాబాయి ముక్కుకు అప్పుడు తగిలింది వెల్లుల్లి వాసన, సన్నగా. తట్టు తెరిచే రోజు ఆమె ఎన్నడూ ఇటు రాలేదు. ఇంట్లో తాను కాపాడుతున్న ఆ ముక్కే ఇక్కడ ఆరుగురు ఆడవాళ్లకు తలుపు తీస్తోందని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

"ఆగు చంద్రవ్వా! లోపటికి పోకు! ఆయనకు వాసన రాదు!"

దీక్షిత ఊపిరి బిగబట్టి ఒక్క ఉదుటున వెళ్లి తండ్రి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఆమె చేతిలోని మీటరు కీచుకీచుమని మొత్తుకుంటూనే ఉంది. అందరూ రోడ్డు దాకా పరుగెత్తారు.

ఒక్క గుక్కతోనే బయటపడటంతో ఎవరికీ ఏమీ కాలేదు. భోజన్న మాత్రం ప్రహరీ గోడ మీద కూలబడ్డాడు.

"నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవు గదనే."

"తీసిన" అంది రాధాబాయి. "చంద్రవ్వ లోపట పడిపోతే దాని పిల్లలకేం జెప్తుంటిమి? నువ్వు పడిపోతే నేనేం గావాలె? తప్పు నీ ఒక్కనిదే గాదు. మెంతికూర, మెంతికూర అనుకుంట నీ అబద్ధాన్ని నేనే పెంచి సాదిన." ఆమె కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చేసింది.

ముత్తన్న తల గోక్కుంటూ ముందుకొచ్చాడు. "సేటూ, ఏమనుకోకు. నీకు వాసన రాదని మాకెర్కనే. గందుకే నువ్వు పొమ్మన్నంక కూడ మేం అర్ధగంట చాయ తాగి పోతం."

భోజన్న నోరు తెరిచాడు. "గందుకానా గా చాయలు! మీకు ఒళ్లు బరువని నేను ప్రతిసారి తిడ్తుంటి గదరా!"

"ఇందాక నేను లేసింది గూడ చాయకే. తిట్లు పడ్తిమి, పాణాలు దక్కించుకుంటిమి" అంది చంద్రవ్వ. అందరూ ఒక్కసారిగా నవ్వారు. భోజన్నకూ నవ్వాగలేదు.

"చాయ తాగొచ్చేలోపు పోయే గ్యాసు గాదది" అని దీక్షిత ముత్తన్నను కసిరింది. లైసెన్సున్న వాళ్లకు ఫోన్ చేసి రమ్మంది. వాళ్లు వచ్చి మిగతా తట్టు తెరిచి, మీటరు సున్నా చూపించేదాకా గడప తొక్కొద్దని అందరికీ గట్టిగా చెప్పింది. తర్వాత వేపచెట్టు నీడలో కూర్చుని కాగితం పూర్తి చేయసాగింది. ఒక ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. మెల్లగా దాటేయబోయింది.

"గది ఎందుకిడిసినవు? సదువు" అన్నాడు భోజన్న.

"ఇప్పటికే ఎవరికన్న హాని జరిగిందా అని, బాపూ."

"మరి రాయి. గోదాము యజమాని భోజన్నకు వాసన రాదు."

"దేనివల్ల పోయిందో డాక్టరు జెప్పాలె. గ్యాసు గూడ పీల్చినవు, ఇయ్యాల్నే పోదాం. అయినా రాయమంటవా?"

"రాయి. నా సంతకం కూడ పెడ్త."

దీక్షిత కళ్లు చెమర్చాయి. తలవంచుకుని రాసింది. "ఎప్పటి సంది బాపూ?"

భోజన్న ఆలోచించాడు. ఆయనకు గుర్తు రాలేదు.

"పోయిన ఎండకాలం" అంది రాధాబాయి. "పెండ్లయిన కాడికెల్లి, నేను మల్లెపూలు పెట్టుకుంటే ఈయన గేటు కాడనే పసిగట్టి, మల్లెలు తెచ్చినవా అనుకుంట వచ్చెటోడు. గా రోజు పెట్టుకున్న. ఏమనలేదు. తెల్లారి పెట్టుకున్న. నాలుగు రోజులు జూసి బంద్ జేసిన."

అంతమంది ముందు ఆ మాట వచ్చేసరికి చంద్రవ్వ నవ్వు దాచుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భోజన్న నవ్వలేదు. భార్య వైపు తిరిగాడు.

"ముక్కంటే పోయింది" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "నీ తలల పూలు సూడనీకె నా కండ్లకేమైందే, రాధా?"