సీటు కింద ఇటుక

ఆ ఇల్లాలికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చెయ్యడు! తాగేవాడైతే మాన్పించవచ్చు, తిరిగేవాడైతే తిట్టవచ్చు, సోమరిపోతైతే తట్టి లేపవచ్చు. కానీ పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్కటంటే ఒక్క తప్పు కూడా చెయ్యని మనిషితో కాపురం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది! ఆయనది గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసే వర్క్‌షాపు. గేటు పట్టకపోతే అవతలివాళ్ల గోడ వంకర. బస్సు తప్పిపోతే బస్సు ముందే వచ్చేసింది. మొన్నటికి మొన్న తన కళ్లజోడు మీద తనే కూర్చుని, "కుర్చీలో కళ్లజోడు పెడతారా ఎవరైనా!" అని ఇంటిల్లిపాదినీ కేకలేశాడు. పెట్టిందెవరో ఇంటిల్లిపాదికీ తెలుసు.

అలాంటి మనిషి తన పాత పికప్‌కి అద్దె ట్రైలర్ తగిలించి, సెకండ్ హ్యాండ్ కారు తేవడానికి బయల్దేరాడు. పక్కన భార్య, కిటికీ దగ్గర తల్లి.

కారు కొన్నది ఆ తల్లి కోసమే. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లి వ్యాయామం చేయించుకోవాలి. పోయిన నెల బస్సు దిగుతూ పడ్డారు. ఎముక విరగలేదు కానీ ఆవిడ కూతురి మనసు విరిగింది. "మా ఇంటి వెనకాలే ఆసుపత్రి. అమ్మని నేను తీసుకుపోతాను, ఇక అక్కడే ఉంటుంది!" అని ఫోనులో తేల్చేసింది. వచ్చే వారమే ప్రయాణం. అత్తాకోడళ్లు విడిపోతున్నారంటే మామూలుగా ఎవరో ఒకరు లోలోపల సంబరపడాలి. ఈ ఇంట్లో ఇద్దరూ ఏడ్చారు... ఒకరికి తెలియకుండా ఒకరు! ఉల్లిపాయలు తరుగుతూ కోడలు, కళ్లలో చుక్కలమందు వేసుకుంటూ అత్తగారు.

అది చూడలేకో, చెల్లెలి మాట నెగ్గనివ్వడం ఇష్టం లేకో, ఆయన కారు కొనేశాడు. అంతవరకూ బాగానే ఉంది. "కారుంటే సరిపోదు కదండీ, మీరేమో పొద్దుణ్ణించీ వర్క్‌షాపులో ఉంటారు. నేను నడుపుతాను" అంది ఇల్లాలు.

"నువ్వా?" అన్నాడాయన.

అంతే! ఆ ఒక్క మాటలో ఒక గోడ మొత్తం ఉంది.

పదేళ్ల కిందట ఆవిడా ఈ పికప్ నడిపేది. వాళ్ల వీధి ఏటవాలు, పికప్ హ్యాండ్‌బ్రేక్ నమ్మడానికి లేదు. ఆపగానే వెనక చక్రం కింద ఇటుక పెట్టాలి. ఒక రోజు ఆవిడ బజారునుంచి వచ్చి, బండి ఆపి, సంచులు లోపల పెట్టేలోపు పికప్ మెల్లగా వెనక్కి జారి ఎదురింటి గోడను కూల్చేసింది. "ఇటుక పెట్టలేదు నువ్వు!" అన్నాడాయన. "పెట్టానండీ..." అంది ఆవిడ. "పెడితే ఏదీ?" నిజమే, చక్రం కింద ఇటుక లేదు. వీధంతా చూసింది. ఆ రోజు నుంచి తాళంచెవి ఆయన జేబులోకి వెళ్లిపోయింది. అందుకు కాదు ఆవిడ బాధ. తను పెట్టిందో లేదో తనకే అనుమానం పట్టుకుంది! ఇటుక పట్టుకున్న బరువు అరచేతికి గుర్తుంది, కానీ అందరూ కాదంటుంటే అరచేతి మాట ఎవరు నమ్ముతారు? అప్పట్నుంచి పొయ్యి కట్టేసి మళ్లీ చూస్తుంది. తలుపు గడియ పెట్టి మళ్లీ లాగి చూస్తుంది. చూసి, మంచం దాకా వెళ్లి, మళ్లీ వస్తుంది... ఇంత అనుమానంలోనూ లైసెన్సు గడువు తీరినప్పుడు చప్పుడు చెయ్యకుండా పొడిగించుకుంది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కారు అమ్మిన పెద్దాయన మంచివాడు. "ఇంజన్ బంగారం. రేడియేటర్ కారుతోంది, అంతే. కాసేపు నడిపితే మరుగుతుంది, అందుకే ట్రైలర్ తెమ్మన్నాను" అని, తనే స్టీరింగ్ పట్టుకున్నాడు. ట్రైలర్ వెనక రెండు ఇనప పలకలు దించారు. ముందు వైపు నుంచి ఎక్కించబోతుంటే ఇల్లాలి భర్త చెయ్యెత్తాడు.

"అలా కాదండీ. రివర్సులో ఎక్కించండి."

"ఎందుకూ?"

"ఇంటి దగ్గర నేరుగా దింపెయ్యచ్చు."

అది పైకి చెప్పిన కారణం. అసలు కారణం ఇల్లాలికి తెలుసు. కారు ముఖం వెనక్కి ఉంటే వీధిలో అందరికీ ఎదురుగా కనిపిస్తుంది! పెళ్లికూతుర్ని వీపు చూపిస్తూ తీసుకొస్తామా?

కారు వెనక్కి వెనక్కి పాకి ఎక్కింది. తాళ్లు బిగించారు. ఇల్లాలు నాలుగడుగులు పక్కకి జరిగి చూసింది. ఇంజన్ బరువంతా ట్రైలర్ తోక మీద పడింది. కొక్కెం దగ్గర పికప్ వెనక భాగం పైకి లేచి, గింజలు ఏరుకునే కోడిలా ఉంది!

"ఏవండీ, మన బండి వెనక తేలిపోయింది చూడండి. మోపెడ్ వెనక గ్యాస్ బండ కట్టినప్పుడు హ్యాండిల్ ఇలాగే తేలికైపోయేది. బరువు ముందుకుండాలేమో..."

"గ్యాస్ బండకీ కారుకీ పోలికా! ఎక్కు ఎక్కు."

ఆవిడ ఎక్కింది. వాదిస్తే ఆయన నెగ్గుతాడు, ఊరుకుంటే రోడ్డే చెబుతుంది.

అత్తగారు చాలా పొట్టి, పికప్ సీటు చాలా ఎత్తు. కాళ్లు అందక వేలాడుతుంటే సీటు కింద ఉన్న ఇటుక లాగి దాని మీద ఆనించుకున్నారు. గోడ కూలినప్పటి నుంచీ ఆ ఇటుక బండిలోనే ఉంటుంది. ఎక్కిన ప్రతిసారీ ఆవిడ దాని మీదే కాళ్లు పెట్టుకుంటారు, పెట్టుకున్న ప్రతిసారీ కిటికీ వైపు తిరిగి మాట్లాడడం మానేస్తారు. కళ్లు తిరుగుతాయేమో అనుకునేది కోడలు.

ఊరి రోడ్డు దాటి పెద్ద రోడ్డెక్కారు. ఎండగా ఉంది, గాలి లేదు. ఆయన హుషారుగా వేగం పెంచాడు. దిగుడు మొదలైంది. మొదట వెనక ఎవరో చిటికెన వేలితో నెట్టినట్టు పికప్ కొంచెం కదిలింది. తర్వాత ట్రైలర్ ఎడమకి ఊగింది. కుడికి ఊగింది. మళ్లీ ఎడమకి, ఇంకాస్త ఎక్కువగా... కుక్క తోక ఊపడం చూశాం కానీ తోకే కుక్కను ఊపడం ఆ రోజే చూశారు! అద్దంలో కారు ముఖం ఒకసారి ఇటు, ఒకసారి అటు తొంగి చూస్తోంది. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకున్నారు. "ఒరేయ్... ఆపరా!"

ఆయన కాలు బ్రేకు మీదకి వెళ్లింది.

"తొక్కకండి!" అంది ఇల్లాలు. అరవలేదు. పాలు పొంగుతుంటే మంట తగ్గించమన్నట్టు అంది. "రెండు పెడళ్ల మీంచీ కాలు తీసెయ్యండి. స్టీరింగ్ తిప్పకండి. అదే తగ్గుతుంది."

ఎందుకు విన్నాడో, విన్నాడు. వేగం తగ్గింది, ఊపు తగ్గింది. రోడ్డు పక్కన వెడల్పాటి చదును చోటుంటే అక్కడ ఆగారు. ఆయన స్టీరింగ్ మీదనుంచి చేతులు తియ్యలేదు.

"గాలి..." అన్నాడు చివరికి. "ఈ రోడ్డు మీద గాలి ఎక్కువ."

పక్కన గడ్డిపరక కూడా కదలడం లేదు. అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కారు తిప్పి ఎక్కిస్తే మంచిదేమో, గాలికి" అంది ఇల్లాలు.

"నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడాయన.

తాళ్లు విప్పి, పలకలు దించి, కారును కిందకి తెచ్చి తిప్పాడు. ఇక ముందు వైపుతో ఎక్కించాలి. పలక వెడల్పు చక్రానికి సరిగ్గా సరిపోతుంది. పక్కన నిలబడి చూసి చెప్పేవాళ్లుండాలి. భార్య "కొంచెం కుడికి" అంటే ఆయన "కుడికే ఉంది" అన్నాడు. టప్పున చక్రం పలక అంచునుంచి జారింది. రెండోసారీ అంతే.

ఆయన దిగి చెమట తుడుచుకున్నాడు. "ఎక్కించడం పెద్ద పనేం కాదు. చూసి చెప్పడమే కష్టం. అది నేను చేస్తాను. నువ్వు... నువ్వు కూర్చో."

పదేళ్లు! పదేళ్ల తర్వాత ఆ మాట! ఇల్లాలు డ్రైవరు సీటులో కూర్చుని, అద్దం తన ఎత్తుకి సర్దుకుంది. "ముందు ట్రైలర్ చక్రం కింద ఇటుక పెట్టండి, జరగకుండా" అంది.

"పెట్టా."

"మళ్లీ చూడండి."

ఆయన మళ్లీ చూశాడు. అత్తగారు రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఆ ఇటుకనే చూస్తున్నారు.

"కొంచెం ఎడమ... చాలు... రా, రా, రా..." ఆయన చేతులూపుతున్నాడు. ఆవిడ మొదటి గేరులో, ఊపిరి బిగబట్టి, పసిపిల్లను మెట్లెక్కించినట్టు కారును ఎక్కించింది. ముందు చక్రాలు పలక దాటాయి. వెనక చక్రాలూ దాటాయి. గీత గీసినట్టు మధ్యలో ఆగింది! పికప్ వెనక భాగం బుద్ధిగా కిందకి దిగి కూర్చుంది.

ఆవిడ దిగి, బ్రేకు వేశానో లేదోనని మళ్లీ ఎక్కి చూసి, మళ్లీ దిగింది. ఇంకోసారి చూద్దామని తలుపు మీద చెయ్యి వేసింది.

"వద్దమ్మా!" అన్నారు అత్తగారు. "ఇంక చూడకు... నువ్వు వేశావు. ఆ రోజూ పెట్టావు!"

"ఏ రోజత్తయ్యా?"

"గోడ కూలిన రోజు... ఆ ఇటుక నేనే తీశాను! పెరట్లో నీళ్ల డ్రమ్ము ఒరిగిపోతుంటే కింద పెడదామని... బండి అప్పుడే జారుతుందని నాకేం తెలుసు! పరిగెత్తుకొచ్చేసరికి వీడు నీ మీద అరుస్తున్నాడు. నాలుక పెగల్లేదమ్మా. చీకటిపడ్డాక ఆ ఇటుక తెచ్చి బండి సీటు కింద పెట్టేశాను. రేపు చెబుదామనుకున్నాను. రేపు, ఎల్లుండి అయింది... ఆలస్యమైన నిజం అన్నం కంటే త్వరగా పాచిపోతుంది తల్లీ, తర్వాత తియ్యాలంటే భయం! నువ్వు గడియ లాగి లాగి చూస్తుంటే అవతల గదిలో పడుకుని వింటూనే ఉన్నాను. దానికి శిక్షేమో, ఇప్పుడు నడిపేవాళ్లు లేక నేనే ఇల్లు వదిలి పోవలసి వచ్చింది!"

ఆవిడ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నారు. ఇల్లాలు తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. అబద్ధం చెప్పలేదు పాపం, ఈ చెయ్యి! ఇన్నేళ్లూ దాన్నే అనుమానించింది. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే కన్నీళ్లూ వచ్చేశాయి. వెళ్లి అత్తగారి పక్కన రాయి మీదే ఇరుక్కుని కూర్చుంది.

"ఆ డ్రమ్ము ఇప్పటికీ ఒరిగే ఉంది కదా అత్తయ్యా?"

"ఒరిగే ఉందే!" అని ఏడుస్తూనే నవ్వేశారు ఆవిడ.

ఆయన అలాగే నిలబడ్డాడు. ఇటుకని చూశాడు. కారుని చూశాడు. భార్య ముఖం చూడడానికి కొంచెం సమయం పట్టింది. జేబులోంచి కారు రెండో తాళంచెవి తీసి, కాసేపు తిప్పి తిప్పి చూసి, ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"చెల్లెలికి ఫోన్ చేసి రావద్దంటాను. అమ్మని ఆసుపత్రికి నువ్వే..." గొంతు సవరించుకున్నాడు. "పెట్టానని ఆ రోజే చెప్పావు. నేను నమ్మలేదు. తప్పు... నాదే."

సరిగ్గా అప్పుడే ఒక లారీ పెద్దగా చప్పుడు చేసుకుంటూ వెళ్లింది. ఇల్లాలికి ప్రతి అక్షరమూ వినిపించింది. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"లారీ వెళ్లిందండీ. ఏమన్నారూ?"

"నాకూ వినపళ్లేదురా" అన్నారు అత్తగారు, ముక్కు తుడుచుకుంటూ.

ఆయన రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఒక్క బండీ రావడం లేదు. తప్పించుకునే దారి లేదు.

"తప్పు నాదే!" అన్నాడు, ఈసారి గట్టిగా.