కింది అరలో పాలు

"విరిగిపోయాయి! ఇవాళ కూడా విరిగిపోయాయి!" అంటూ అత్తగారు పాలసీసాను హాల్లోకి పట్టుకొచ్చి, అందరి ముక్కుల దగ్గరా ఒకసారి ఆడించింది. "పొద్దస్తమానం బయట తిరిగే ఆడదాని పాలు ఇలా కాక ఎలా ఉంటాయి? పసిదానికి నిన్నటినుంచి వాంతులు... విరేచనాలు! తల్లివేనా నువ్వు?"

ఆ పాలు కోడలు ఎలా తెచ్చిందో వీళ్ళకేం తెలుసు! ఆఫీసు స్టోరురూములో, పాత కాగితాల కట్టల మధ్య, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని, నొప్పి పంటి బిగువున భరిస్తూ పిండి తెచ్చిన పాలు అవి. ఇంటికొచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా ఫ్రిజ్ కింది అరలో పెట్టేది. మర్నాటికి పుల్లటి వాసన! పైన ఫ్రీజరులో మంచు గుట్టలా పేరుకుపోతోంది, కింద మంచినీళ్ళ సీసా కూడా చల్లబడటం లేదు. తప్పు ఫ్రిజ్‌దని ఎవరికీ తోచలేదు. తప్పు చేయడానికి ఇంట్లో కోడలుండగా ఫ్రిజ్‌కి ఆ అవకాశం ఎక్కడిది!

"తలుపు సరిగ్గా వెయ్యవు నువ్వు. వేడిగాలంతా లోపలికి పోతుంది, అంతే," అన్నాడు భర్త సోఫాలోంచి లేవకుండానే. టీవీ రిమోటులో బ్యాటరీలు ఎటువైపు పెట్టాలో తెలియని మహానుభావుడు, ఫ్రిజ్ గురించి తీర్పు చెప్పేశాడు! "పాప నీ ఒళ్ళో ఉంటే ఈ సీసాల గొడవే ఉండదు. ఈ నెలాఖరుకి ఉద్యోగం మానెయ్."

మామగారు తల ఊపాడు. మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన తల ఊపితే ఇంట్లో ఇక అప్పీలు ఉండదు.

కోడలు ఆ రాత్రి ఏడ్చింది. ఆదివారం మాత్రం కొంగు బిగించింది. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూసింది. కాగితం చిరిగింది గానీ జారలేదు. అంటే తలుపు భేషుగ్గా పడుతోంది! స్విచ్ ఆపి, సామానంతా తీసి, ఫ్రీజరు వెనక పలక స్క్రూలు విప్పింది. వెనకున్న గొట్టాలు కనిపించడమే లేదు... అంతా ఒకటే మంచుగడ్డ! చల్లగాలిని కిందికి తోసే ఫ్యాను రెక్కలు ఆ గడ్డలో ఇరుక్కుని ఉన్నాయి. గాలి కిందికి వచ్చే దారే లేదు, పాలు విరక్క ఏం చేస్తాయి! వేడినీళ్ళ గిన్నెలు మార్చి మార్చి పెట్టి గడ్డంతా కరిగించింది. నీళ్ళు పోయే కన్నం కూడా శుభ్రం చేసింది.

"స్క్రూడ్రైవరుతో పొడిచెయ్యక ఈ సేవలేమిటి?" అన్నాడు భర్త తలుపు దగ్గర నిలబడి.

"పొడిస్తే గొట్టానికి చిల్లు పడుతుంది, గ్యాసంతా పోతుంది. మీరు పక్కకి జరిగితే నేల తుడుచుకుంటాను."

రెండ్రోజులు పాలు బాగున్నాయి. మూడో రోజుకి మళ్ళీ అదే పులుపు! "అయిందా రిపేరు?" అని మొగుడు ముసిముసిగా నవ్వాడు. పెళ్ళాం ఓడిపోతే అంత సంబరపడే మొగుడు ఉండకూడదు గానీ, ఉన్నాడు. ఏం చేస్తాం!

కోడలు కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "ఆ మంచు కరిగించడానికి లోపల హీటరుంటుంది మేడమ్. మోటారు ఇన్ని గంటలు తిరిగిందని లెక్క పూర్తయ్యాక దానంతటదే పనిచేస్తుంది. మీ మోడల్లో మధ్యలో కరెంటు పోతే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మీ ఇంట్లో కరెంటు తరచూ పోతుందా?"

"లేదండీ, అస్సలు పోదు..."

మర్నాడు పాపకి ఒళ్ళు వెచ్చబడితే ఆమె ఆఫీసుకి సెలవు పెట్టింది. భోజనాలయ్యాక గదిలో పాపని జోకొడుతుంటే, వంటింట్లోంచి వచ్చే ఫ్రిజ్ మోత ఠక్కున ఆగిపోయింది! పైన ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. పాపని భుజాన వేసుకుని పరుగున వెళ్ళింది. మామగారు స్విచ్ మీద చెయ్యేసి, చేతి గడియారం చూసుకుంటున్నాడు. పక్కనే అత్తగారు తలెత్తకుండా కూరగాయలు తరుగుతోంది.

"మావయ్యగారూ! ఏం చేస్తున్నారు?"

"కనబడ్డం లేదూ? దానికి రెస్టు ఇస్తున్నాను," అన్నాడాయన తొణక్కుండా. "ఏ యంత్రమైనా ఊపిరాడకుండా తిప్పితే కాలిపోతుంది. మిల్లులో షిఫ్టు మారినప్పుడల్లా అరగంట ఆపేవాణ్ణి. ఇక్కడా అంతే, తెల్లారగట్ల, మధ్యాహ్నం, రాత్రి మీరంతా పడుకున్నాక. ఇన్నాళ్ళూ అది చెడిపోకుండా ఉందంటే ఎవరి చలవనుకున్నావు?"

కోడలికి అప్పుడు అర్థమైంది. రోజూ షిఫ్టు షిఫ్టుకీ! హీటరు లెక్క ఏనాడూ పూర్తి కానిచ్చింది లేదు! ఈయనగారి మిల్లు సైరను కోసమా నా బిడ్డ వాంతులు చేసుకుంది! కంపెనీ అమ్మాయి చెప్పిందంతా ఆయనకి చెప్పింది. ఆయన నవ్వాడు. "ఫోనెత్తే పిల్లలు నాకు యంత్రాలు నేర్పిస్తారా!"

భోజనానికి వచ్చి, తిని, పళ్ళు కుట్టుకుంటున్న కొడుకు అందుకున్నాడు. "నాన్న ఏం చేసినా ఆలోచించే చేస్తారు. పెద్దాయన్ని నిలదియ్యడమేమిటి? ముందు ఆఫీసుకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పు. ఇప్పుడే! నా ఎదురుగా!"

ఆమె అత్తగారివైపు చూసింది. "అత్తయ్యా... మీరిక్కడే కూర్చుంటారు కదా... మీకు మొదట్నుంచీ తెలుసు కదా..."

కత్తిపీట చప్పుడు ఆగింది. కోడలు ఫోను తీసింది. నంబరు కోసం వెతుకుతుంటే కన్నీళ్ళకి అంకెలు కనిపించలేదు.

అత్తగారు లేచింది. మొగుడి చేతిని స్విచ్ మీదనుంచి తీసి పక్కన పెట్టి, స్విచ్ వేసింది. ఫ్రిజ్ మళ్ళీ మొదలైంది.

"తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాను," అంది. "నోరు విప్పితే నా మీద పడి అరుస్తారని, నింద నీ మీద వేశాను. నీ పాలకి పేరు పెట్టాను. నన్ను తిట్టు తల్లీ, పడతాను." అని మొగుడి వైపు తిరిగింది. "యంత్రానికి రెస్టు కావాలని తెలుసా మీకు? మరి ఈ ఇంటికొచ్చిన్నాటినుంచి నాకెప్పుడిచ్చారండీ? జ్వరంలో వండాను. మీవాణ్ణి కన్న వారానికే నీళ్ళు మోశాను. అప్పుడు మీ సైరను మోగలేదా?"

మామగారు గడియారం వైపు చూశాడు, దాన్లో ఏమీ దొరకలేదు. కొడుకు నీళ్ళు నమిలాడు. "అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు..."

"నువ్వు నోర్ముయ్యరా! కాగితం పెట్టి చూస్తే తెలిసేదాన్ని కూర్చున్నచోటి నుంచి కదలకుండా తేల్చేసిన మేధావివి!"

అని ఆవిడ కోడలి భుజం మీది పాపను తీసుకుని మొగుడి చేతుల్లో పెట్టింది. ఆయన బిడ్డని బెదురుగా పట్టుకున్నాడు, ఎటు పట్టుకోవాలో తెలియలేదు. సగం తరిగిన కూరలూ కత్తిపీటా కొడుకు ముందుకు తోసింది.

"నా షిఫ్టు అయిపోయింది," అని గదిలోకి వెళ్ళి, పట్టపగలు, మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుంది.

కోడలు కళ్ళు తుడుచుకుంది. అత్తగారి మీద కోపం పోలేదు, అంత తేలిగ్గా పోయేది కాదు కూడా. అయినా వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద దుప్పటి కప్పింది. తర్వాత ఆఫీసుకి ఫోన్ చేసి, పాప కాస్త కోలుకోగానే వచ్చేస్తానని చెప్పింది.