రీస్టార్ట్ చేయనండి

"ముట్టుకోకండి!"

అనిత అరుపుకి నాగసతీష్ చేయి కీబోర్డు మీదే ఆగిపోయింది.

అమలాపురంలోని ఆ చిన్న ఆఫీసుకి పని ఒకటే. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే వెంటనే రైతు ఫోన్ మోగేలా చేయాలి. కానీ మెమొరీ నిండిపోయి సర్వర్ మాటిమాటికీ మూగబోతోంది. ఇంకోసారి పడితే రైతులు దండం పెట్టి వెళ్ళిపోతారు, ఆఫీసుకి తాళం పడుతుంది, కొత్తగా చేరిన అనిత బెంగళూరు ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. సతీష్ అసలు భయం ఆ చివరిదే.

"అల్లవరం రైతు సూరయ్యగారు ఫోన్ చేసేరండి, యాప్ నెమ్మదించిందంట. రీస్టార్ట్ చేస్తానని మాటిచ్చేను."

"ఎవరడిగినా చేసేస్తారా?"

"ఆయ్. పెద్దవాళ్ళడిగితే కాదనలేం కదండీ."

అనిత నవ్వాపుకుని, రైతులెవరూ వాడని ఖాళీ సర్వర్ తెరిచింది. "ఇందులో చేయండి మీ రీస్టార్ట్."

చేశాడు. తెర మీద మెమొరీ వాడకం చూపే గీత కాస్త పెరిగింది. మళ్ళీ చేస్తే మళ్ళీ పెరిగింది.

"చూసేరా? ఈ రీస్టార్ట్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ పూర్తిగా ఆగదు. కొత్త సామాను దించుకుంటుంది, పాతది బయట పడేయదు. మీ మందే జబ్బండి!"

సతీష్ మొహం చిన్నబోయింది. మర్యాదకి పోయి సర్వర్‌ని ముంచుతున్నది తనేనన్నమాట.

ప్రోగ్రామ్‌లోని ఒక్కో భాగం తీసేసి చూశారు. మెసేజ్‌లు పంపేది తీయగానే గీత పెరగడం ఆగింది. అది రాసింది సతీషే. పాత మెమొరీ వదిలేయమని చెప్పడం మరిచాడు. తిట్టుకుంటూనే సరిచేశాడు.

"ఇప్పుడు అసలు సర్వర్‌ని పూర్తిగా ఆపి, మళ్ళీ లేపాలి," అంది అనిత. "ముందు సూరయ్యగారికి చెప్పండి, ఇకమీదట అడిగినప్పుడల్లా రీస్టార్ట్ చేయరని."

"బాగోదండి!"

"మా నాన్నగారేలెండి. కొట్టరు."

ఆయన అనిత నాన్నగారని సతీష్‌కి ఇప్పుడే తెలిసింది. అయినా ఫోన్ చేశాడు. "ఇకమీదట రీస్టార్ట్ చేయనండి. ఇప్పుడోసారి ఆపి లేపుతున్నాం, సర్వర్ లేచేదాకా ఫోన్ మోగదు, చెరువు దగ్గరే ఉండండి."

"ఆయ్, దానికేం బాబూ," అన్నారాయన. అంతే!

సర్వర్ లేచింది. మధ్యాహ్నానికి మబ్బు కమ్మి వాన దంచింది; ఎండ లేక చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయే సమయం. మెమొరీ గీత కదల్లేదు. కాసేపటికి సూరయ్యగారే ఫోన్ చేశారు. సతీష్ స్పీకర్ పెట్టాడు.

"మోగింది బాబూ! ఆక్సిజన్ పడిపోతుంటే నీళ్ళు చిలికే ఏరేటర్లు వేసేం. రొయ్యలన్నీ బతికేయి!"

"హమ్మయ్య!" అనిత కుర్చీలో వాలిపోయింది. "ఇక బెంగళూరు వాళ్ళకి రానని చెప్పేస్తాను."

"ఆఫీసు కోసమేనాండి?"

"మీకేమనిపిస్తోంది?"

గుండె బరువు దిగిన ఊపులో సతీష్ అనేశాడు. "మీరు వెళ్ళిపోతారేమోనని నిద్రే పట్టడం లేదండి. మీరంటే నాకు ప్రాణం."

"బాబూ, నేనింకా లైన్లోనే ఉన్నాను," అంది ఫోన్.

సతీష్ చటుక్కున లేచి నిలబడ్డాడు.

"నాకు ఇష్టమేనయ్యా. ముందు మా అమ్మాయినడుగు."

"ఇష్టమే నాన్నా," అంది అనిత, సతీష్ వైపే చూస్తూ.