తొమ్మిదో నంబరు ఇంటి రిపోర్టు

"మూడొందలా! చదివి పక్కన పడేసిన కాగితాలకి మూడొందల పౌండ్లా?"

ఆ మాటకి టెస్సా టీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది. ఎదురుగా కూర్చున్నవాడి బస్సు డ్రైవర్ కోటు మీంచి వాన నీళ్ళు కారుతున్నాయి. పేరు ఎల్లిస్ అట. మనిషి చూడ్డానికి బావున్నాడు. అదే ఆమెకి ఇంకా ఒళ్ళు మండిస్తోంది.

"ఏడొందలు పోసి ఇంటి గోడలూ నేలా పరీక్షించే సర్వే చేయించుకున్నాను. మీకు సగం కంటే తక్కువకే ఇస్తున్నాను. ఇష్టం లేకపోతే మీరే ఇంకో సర్వేయర్‌ని పిలిపించుకోండి. అతగాడు వచ్చేదాకా మూడు వారాలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోండి."

"అబ్బే, కోపమెందుకండీ? ఊరికే బేరమాడాను."

"బేరం ఇల్లమ్మేవాళ్ళ దగ్గర ఆడుకోండి. నా దగ్గర కాదు."

ఎల్లిస్ నవ్వాపుకుంటూ నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఫైలు అటు నెడుతుంటే టెస్సాకి చెయ్యి రాలేదు. కాగితాల మీద ప్రేమ కాదు, ఇంటి మీద ప్రేమ.

బ్యాంక్ టాప్ వీధిలో తొమ్మిదో నంబరు. వెనక గోడ పొడుగునా వరసగా ఏడు కిటికీలు. వెనకటికి నేతగాళ్ళు మగ్గాలకి వెలుతురు కావాలని పెట్టించుకున్నవి. టెస్సా పెళ్ళిగౌన్లు కుడుతుంది. ఇప్పుడు ఆమె కుట్టుమిషన్ ఉన్నది చేపలూ చిప్సూ వేయించే కొట్టు వెనక గదిలో. తెల్లటి గౌనుకి వేపుడు వాసన పడితే ఏ పెళ్ళికూతురు ఊరుకుంటుంది? ఆ గది కూడా వేసవి చివరికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఏడు కిటికీల వెలుగులో బతుకు బాగుపడుతుందనుకుంది పాపం. కొంటానని ఆఫర్ ఇచ్చింది, సరేనన్నారు, సర్వే చేయించింది. మొదటి పేజీ నిండా ఎర్రటి '3' మార్కులే. ఒకటి పడితే బాగున్నట్టు, మూడు పడితే ప్రమాదమన్నమాట! గోడలు తడి, నేల పుచ్చు, బాగుచెయ్యాలంటే ఇల్లెంతో రిపేరూ అంత. ఏడుస్తూ వెనక్కి తగ్గింది. వారం తిరక్కుండా ఈ మహానుభావుడు ఆఫర్ పెట్టాడు.

"అంత తడి ఇంటిని మీరెందుకు కొంటున్నారు?" ఉండబట్టలేక అడిగింది.

"మా నాన్న సున్నం మేస్త్రీ. నాకూ కాస్త పని తెలుసు. ఎంత తడో తెలిస్తే ధైర్యం చేద్దామని. మీరు మొత్తం చదివారా?"

"రెండు పేజీలు. తర్వాత కళ్ళు కనబడలేదు."

అతని మొహంలో నవ్వు మాయమైంది. "సారీ అండీ," అన్నాడు. అలా మెత్తగా అంటాడని టెస్సా అనుకోలేదు. గొడుగు కూడా మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున్న కుట్టుపని మీద ఉండగా బయట కీచుమని బ్రేకుల చప్పుడు. లేచి కొట్టు గుమ్మంలోకొచ్చి చూస్తే ఎదురుగా, స్టాపే లేని చోట, బస్సు ఆగి ఉంది. అందులోంచి ఎల్లిస్ దూకి, ఫైలు గుండెకి అదుముకుని పరిగెత్తుకొస్తున్నాడు.

"టెస్సా గారూ! ఇది మీ ఇల్లు కాదు!"

"తెలుసండీ. మీ ఇల్లే. పొద్దున్నే గుర్తు చెయ్యడానికొచ్చారా?"

"అయ్యో, అది కాదు! ఈ రిపోర్టు ఆ ఇంటిది కాదు! పంతొమ్మిదో పేజీ చదవండి. ముందు తలుపు తీస్తే ఎదురుగా కాలువ, అని రాశాడు. బ్యాంక్ టాప్‌లో తలుపు తీస్తే ఎదురుగా ఏముంది?"

"పోస్టు డబ్బా," అంది టెస్సా. అని, అతని చేతిలోంచి ఫైలు లాక్కుంది.

"కాలువ కనబడేది వెనక కిటికీల్లోంచి. ఇక్కడేమో వెనక గోడకి కిటికీలే లేవని, అవతలంతా కొండ మట్టేనని రాశాడు. మరి మీ ఏడు కిటికీలు ఏ గాలికి ఎగిరిపోయాయి?"

టెస్సాకి సంగతి వెలిగింది. ఆ ఊళ్ళో పుట్టిపెరిగిన పిల్ల, ఇంకా విడమర్చి చెప్పాలా? కొండవాలు ఊరది. జాగా చాలక ఇంటి నెత్తిన ఇల్లు కట్టారు. పై ఇంటికి వాకిలి పై వీధిలో, కింది ఇంటికి కింది వీధిలో. గోడలు ఒకటే, గుమ్మాలు వేరు. బ్యాంక్ టాప్ తొమ్మిది కింద ఉన్నది వాటర్‌సైడ్ తొమ్మిది. అదీ ఖాళీయే. ఏడాదిగా కొనే దిక్కు లేదు. రెండిటి తాళాలూ ఒకే ఏజెంటు దగ్గర, ఒకే మేకుకి.

"అంటే ఆ సర్వేయర్..."

"కింది ఇంటి తాళం పట్టుకెళ్ళి, కింది ఇల్లు చూసి, పై ఇంటి పేరు రాశాడు. పొరుగూరివాడు. వాడికేం తెలుసు?"

బస్సు కిటికీలోంచి ఓ తెల్లజుట్టు బయటికొచ్చింది. మిసెస్ క్రాబ్‌ట్రీ. ఊళ్ళో ఆవిడకి తెలియని విషయం ఉంటే అది జరగనట్టే లెక్క.

"బాబూ ఎల్లిస్! తొమ్మిదిన్నరకి నా కాళ్ళ డాక్టరు! ప్రేమలేఖ ఇచ్చేసి త్వరగా రా!"

"ప్రేమలేఖ కాదండీ, సర్వే రిపోర్టు!"

"ఏదైతేనేం, ఇచ్చి రా!"

బస్సంతా గొల్లుమంది. టెస్సా మాత్రం నవ్వలేదు. గుమ్మం పక్క కుర్చీలో కూలబడింది. ఏడ్చి ఏడ్చి వదులుకున్నది ఓ పొడి ఇంటినా! ఎవరి ఇంటి రోగమో చూసి, తన ఇంటికి నీళ్ళొదిలేసిందా!

"ఈ సంగతి నాకెందుకు చెప్పారు?" అంది. "నోరు మూసుకుని కొనేసుకుంటే సరిపోయేదిగా! మంచి ఇల్లు మీకు దక్కేది, నేను తడి కొంప తప్పిందని నిద్రపోయేదాన్ని. ఇప్పుడు నేను ఎలా నిద్రపోను?"

ఎల్లిస్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "రిపోర్టు మీ పేరున ఉంది. డబ్బిచ్చి కొనుక్కున్నా నేనడిగితే వాడు పలకడు. మీరడిగితేనే జవాబు చెప్పాలి. అదొకటి."

"రెండోది?"

"రోజుకి పదిసార్లు ఈ కొట్టు ముందు నుంచి బస్సు తోలతాను. మీ మొహం ఎలా చూడను?"

ఆ సాయంత్రం ఇద్దరూ ఏజెంటు దగ్గర తాళాలు తీసుకుని రెండిళ్ళూ చూశారు. కింది ఇంట్లో గోడ మీద చెయ్యి వేస్తే అరచేయి తడిసింది. పై ఇంట్లో టెస్సా ప్రతి గోడనీ తడిమింది. ఎండిన రొట్టెలా ఉంది. కిటికీల దగ్గర నిలబడి మళ్ళీ ఏడ్చింది. ఎల్లిస్ ఏం చెయ్యాలో తోచక జేబురుమాలు తీసిచ్చాడు. దాన్నిండా ఇంజినాయిల్ మరకలే.

అక్కణ్ణించి ఇంటి యజమాని ఓల్డ్‌రాయిడ్ దగ్గరికి వెళ్ళారు. ఎనభై దాటిన ముసలాయన. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని, అంతవరకే ఇద్దరూ అనుకున్నది.

"నా ఇంటికి తడిరోగమని పేరు పెట్టి పోయిన పిల్లవి నువ్వే కదూ?" గుమ్మంలోనే అందుకున్నాడాయన. "నలభై ఏళ్ళు మా ఎడ్నా ఆ గోడలకి ఏటేటా వెల్ల వేసింది. తడట!"

"తప్పయిపోయిందండీ," అంది టెస్సా. "పొరపాటు సర్వేయర్‌దే అయినా మీతో ఒక్కమాట మాట్లాడకుండా పారిపోవడం నా తప్పే. మీ ఆవిడ గోడలు అద్దంలా ఉన్నాయి. ఇవాళ చూశాను."

ముసలాయన గొంతు సవరించుకుని ఎల్లిస్ వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకొచ్చినట్టు? నీ కొనుగోలుకేం లోటు లేదుగా?"

"నేను తప్పుకుంటున్నానండీ."

టెస్సా చటుక్కున అతని వైపు తిరిగింది. ఏమన్నాడితను!

"ఏమిట్రా ఈ చోద్యం!" ఓల్డ్‌రాయిడ్ చేతికర్ర నేలకేసి కొట్టాడు. "రోగముందని ఒకరు పారిపోతారు, రోగం లేదని ఇంకొకరు పారిపోతారు!"

"ముందు మనసుపడింది ఈవిడ. దారితప్పి నా చేతికొచ్చిన వస్తువు అది. ఉంచుకోలేను."

ముసలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మొదటనుకున్న ధరే. ఒక్క పెన్నీ తగ్గను."

"తగ్గించమని అడగనండీ," అంది టెస్సా.

బయటికి రాగానే నిలదీసింది. "ఎందుకు చేశారిలా? మీకు మాత్రం ఇల్లక్కర్లేదా?"

"అయ్య బాబోయ్, ఆరున్నర బస్సు నాదే!" అంటూ అతను వాలు దారిలో పరుగందుకున్నాడు.

తర్వాత పనులు చకచకా నడిచాయి. సర్వేయర్ లెంపలేసుకుని ఏడొందలూ వెనక్కిచ్చి, పై ఇంటికి కొత్త రిపోర్టు ఉచితంగా రాశాడు. టెస్సా ఎల్లిస్‌కి అతని మూడొందలూ తిరిగివ్వబోతే తీసుకోలేదు. "ఉండనీ, ఆ కాగితాలతో నాకు పనుంది," అన్నాడు. గురువారం గురువారం కలిసి టీ తాగడం అలవాటయింది. మీరు కాస్తా నువ్వయింది. కొట్టు ముందు బస్సు హారన్ మోగకపోతే టెస్సాకి ఆ పూట సూదిలో దారం ఎక్కేది కాదు. ఇల్లు చూసుకున్నావా అంటే మాత్రం, "చూద్దాంలే," అని మాట తప్పించేవాడు.

ఓ గురువారం అతను టీకి రాలేదు. మర్నాడు బస్సులో వేరే డ్రైవర్. "ఎల్లిసా? సెలవమ్మా. ఇల్లు మారుతున్నాడట."

ఎక్కడికో అతనికీ తెలీదు. టెస్సాకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తనకి ఇల్లు వదిలిపెట్టి ఊరే వదిలి పోతున్నాడా? ఒక్కమాట చెప్పకుండానా? ఇష్టమని తనైనా ముందే చెప్పి ఉండాల్సింది. ఏడు కిటికీలు పెట్టుకుని ఎవరి బస్సు కోసం చూడాలి?

ఆ మధ్యాహ్నమే లాయర్ దగ్గర్నుంచి కవరొచ్చింది. సంతకం పెట్టి పంపాల్సిన దస్తావేజు. ఈసారి అక్షరం వదలకుండా చదవాలని కూర్చుంది. ఇంటి మీద ఇల్లున్న చోట ఇద్దరు యజమానులూ రాసుకోవాల్సిన ఒప్పందమది. పై ఇంటివారు కప్పు చెడకుండా చూసి, కింది ఇంటి మీద వాన పడకుండా కాపాడాలి. కింది ఇంటివారు గోడలు నిలబెట్టి, పై ఇంటిని మోయాలి. పై ఇంటి కొనుగోలుదారు పేరు తనది. కింద వాటర్‌సైడ్ తొమ్మిది కొంటున్నవారి పేరు చూసి నిలువుగుడ్లేసింది.

ఎల్లిస్ గ్రీన్‌వుడ్.

ఎప్పుడు లేచిందో, నూట ఇరవై మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. వాటర్‌సైడ్ తొమ్మిదో నంబరు తలుపు దబదబా బాదింది. తెరిచినవాడి జుట్టు నిండా, కనుబొమ్మల నిండా తెల్లటి సున్నం.

"నీకేమైనా పిచ్చా! ఈ తడి కొంప కొన్నావా?"

"ఇంకా కొనలేదు. పని మొదలెట్టుకోమని తాళాలిచ్చారు. ఏ గోడ ఎంత తడో నాకు కంఠతా వచ్చు. నీ రిపోర్టుంది కదా! సర్వేయర్ దాన్నే సరైన అడ్రసుతో నా పేరున మార్చిచ్చాడు. ఈ ఊళ్ళో ఇంత తెలిసి ఇల్లు కొంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు ఇల్లు వదిలి, వెంటనే నీ కిందే చేరుతున్నానంటే, ఇల్లిచ్చి బదులు అడుగుతున్నాననుకుంటావని భయమేసింది. నీ కొనుగోలు ఖాయమయ్యాక చెబుదామనుకున్నాను." ఎల్లిస్ సున్నం చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నువ్వంటే నాకు ఇష్టం, టెస్సా. నా మీద అరిచిన రోజు నుంచీ. కాదంటే నోరెత్తకుండా కిందే పడుంటాను. ఆ కాగితం మీద పొద్దున్నే సంతకం పెట్టేశాను. నువ్వు ఔనన్నా కాదన్నా నీ ఇంటిని మొయ్యాల్సింది నేనే."

టెస్సా దస్తావేజు విప్పి, పెన్ను తీసి, గోడకి ఆనించబోయింది.

"అక్కడొద్దు, నానిపోతుంది!" అని అతను వెనక్కి తిరిగి వంగాడు. "ఇక్కడ పెట్టు."

పెన్ను కాగితాన్ని తాకకముందే గుర్తొచ్చింది ఆమెకి. సంతకం పెడుతుంటే చూసే సాక్షి ఉండాలి. గుమ్మంలోంచి బయటికి చూస్తే కాలువ గట్టున మిసెస్ క్రాబ్‌ట్రీ, బాతులకి వోట్స్ వేస్తూ. ఎంతసేపట్నుంచి వింటోందో!

"మిసెస్ క్రాబ్‌ట్రీ! కాస్త సాక్షి సంతకం పెడతారా?"

"దేనికమ్మా? ఇంటికా, పెళ్ళికా?"

వంగినవాడు వంగినట్టే ఊపిరి బిగబట్టడం టెస్సా చేతికి తెలుస్తూనే ఉంది.

"ఇవాళ్టికి ఇంటికేనండీ," అంది, అతని వీపు మీద కాగితం సర్ది. "రెండోదానికి కూడా మిమ్మల్నే పిలుస్తాం."